మేవిస్ హెస్లాప్ మడిలో శవం

మేవిస్ హెస్లాప్ తన డెబ్బై ఒక్క ఏళ్ల బతుకులో ఒకే ఒక్క సినిమాలో వేసింది. అందులో ఆమెకు రాసిచ్చినవి రెండే రెండు మాటలు. ఆమె చెప్పినవి మాత్రం పేజీకి సరిపడా ఉన్నాయి. ఆ మిగతా మాటలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో చెప్పాలంటే ముందు కూరగాయల దగ్గరికి వెళ్లాలి.

క్రాగ్‌హిల్ లండన్‌కి బాగా ఉత్తరాన, ఒకప్పుడు బొగ్గుగని ఊరు. గని మూతపడి చాలా కాలమైంది. గని పేరు పెట్టుకున్న కార్మికుల క్లబ్బు మిగిలింది, బస్టాపు మిగిలింది, భూమిలోంచి తోడి పోసిన నల్లమట్టి దిబ్బ మీద గడ్డి మొలిచి ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. ఆ దిబ్బ కింద కౌన్సిలు వాళ్లు జనానికి అద్దెకిచ్చిన తోటమడులు ఉన్నాయి. భూమి లోపల నలభై ఏళ్లు పనిచేసిన మగవాళ్లంతా బయటికొచ్చాక చేసిన మొదటి పని మళ్లీ భూమిని తవ్వడమే. కాకపోతే ఈసారి అడుగున్నర లోతే, అదీ లీకుల కోసం.

లీకు అంటే ఉల్లి కుటుంబంలో పెద్ద శాల్తీ. గడ్డ ఊరదు, తెల్లటి కాడే దాని సర్వస్వం. అందరూ దాన్ని పులుసులో వేసుకుంటారు. క్రాగ్‌హిల్‌లో దాన్ని పెంచి, కడిగి, తుడిచి, నల్ల గుడ్డ మీద పడుకోబెట్టి, టేపుతో కొలిచి, సెప్టెంబరు నెలలో క్లబ్బులో పోటీకి పెడతారు. పొట్టిగా ఉండాలి, తొడంత లావుండాలి, ఒక్క మచ్చ ఉండకూడదు. ఎవరి ఎరువు రహస్యం వాళ్లది. ఒకడు బీరు పోస్తాడు, ఒకడు గొర్రెపెంట నానబెట్టిన నీళ్లు పోస్తాడు, ఇంకొకడు ఏం పోస్తాడో పెళ్లానికి కూడా చెప్పడు, పెళ్లాం కూడా అడగదు. అన్నిటికన్నా ముఖ్యం వంశం. మంచి లీకుని కోయకుండా ఇంకో ఏడు ఉంచితే తలమీద పూగుత్తి వస్తుంది, ఆ గుత్తిలో పిలకలు పుడతాయి. ఆ పిలకలు నాటితే అచ్చం తల్లిలాంటిదే వస్తుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి ఆ పిలకలు వస్తాయి. ఇల్లు రాకపోయినా పర్వాలేదు.

మేవిస్ మొగుడు నెడ్‌కి ఆ వంశం తాత దగ్గర్నుంచి వచ్చింది. వాళ్లకి పిల్లల్లేరు. మూడేళ్ల కిందట ఆసుపత్రిలో పోయేముందు నెడ్ ఆమెకు అప్పజెప్పిన జాబితాలో మొదటిది లీకులు, రెండోది తోటగది తాళం, మూడోది తన చెల్లెలు.

మేవిస్ బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిట తిప్పిన మనిషి. ఊళ్లో నడివయసు వాళ్లందరూ ఆమె ఎదుట క్యాబేజీ మింగినవాళ్లే. అందరినీ "బంగారం" అనే పిలుస్తుంది: పోస్టుమాన్‌ని, పోలీసుని, కుక్కని. తిట్టేటప్పుడు ఇంకా ప్రేమగా పిలుస్తుంది. ఆడది పోటీకి లీకులు పెట్టడం క్లబ్బులో అంతవరకూ లేదు. పెట్టకూడదని ఎక్కడ రాసుందో చూపించమంది. ఎక్కడా రాసిలేదు, ఎవరికీ ఆ అవసరం తోచలేదు కాబట్టి. అలా మొదటి ఏడు ఆమె పెంచిన మూడు లీకుల్ని చూసి క్లబ్బు కార్యదర్శి నార్మన్ టోపీ తీశాడు.

పోటీకి ముందు రోజు పొద్దున్న తవ్వి తీద్దామని వెళ్లేసరికి మూడూ, నెడ్ వంశంలో మిగిలినవన్నీ, మెడలు తెగి పడున్నాయి. అడ్డంగా, నున్నగా, ఒక్కో వేటుతో. పోలీసు కుర్రాడు వచ్చి చాలాసేపు చూసి నోటుపుస్తకంలో "కూరగాయలు, మూడు" అని రాసుకున్నాడు.

కోసిందెవరో మేవిస్‌కి తెలుసు. రుజువు మాత్రం లేదు. పక్కమడి కత్‌బర్ట్ రెడ్‌పాత్ కత్తి ఒక్కటే ఆ ఊళ్లో అంత పదును. ఆమె కంచె దగ్గరికి వెళ్లి మొహం మీదే అడిగింది. "నాకేం తెలుసు మేవిస్" అన్నాడతను, తన బూట్లకేసి చూస్తూ. కత్‌బర్ట్ వానొచ్చినా పిడుగు పడినా మనిషి కళ్లలోకి చూసి మాట్లాడే రకం. ఆ రోజు బూట్లకేసి చూశాడు. ఆ ఏడు మొదటి బహుమతి అతనిదే. ఆ పై ఏడూ అతనిదే. రెండేళ్లుగా మేవిస్ నెడ్ కత్తిని ఏప్రాను జేబులో వేసుకుని తిరుగుతోంది, ఎందుకని ఎవరైనా అడిగితే బంగాళాదుంపలకి అని చెప్పేది. ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ మనిషి తన నోటితో, నలుగురిలో, "నేనే" అనాలి.

ఇంతలో సినిమా వాళ్లొచ్చారు.

పగ సినిమాల్లో రెండు జాతులున్నాయి. డబ్బున్న జాతిలో పగవాడి కోసం హీరో మూడు దేశాలు తిరుగుతాడు, హెలికాప్టరు ఎక్కుతాడు. డబ్బులేని జాతిలో పగవాడు రెండు వీధుల అవతలే ఉంటాడు, హీరో బస్సులో వెళ్తాడు. ఆ దేశంలో తీసేవి చాలావరకు రెండో జాతివి. ఆలోచిస్తే నిజానికి దగ్గరగా ఉండేవీ అవే. మనుషుల పగలు అంత దూరాన ఉండవు. చాలావాటికి బస్సు కూడా అక్కర్లేదు, కంచె దాటితే చాలు. ఇక కావలసిన సామగ్రి ఎంతని? ఒక శవం, ఒక కత్తి, కాస్త వాన. క్రాగ్‌హిల్‌లో వాన ఉచితం.

పెట్రా టెంపర్లీ అనే న్యూకాసిల్ అమ్మాయి ఆ సినిమా దర్శకురాలు. ముప్పై నిండలేదు, వేలి గోళ్లు మాత్రం కొరికి కొరికి అరవై ఏళ్ల వాడి గోళ్లలా చేసుకుంది. సినిమా పేరు 'మట్టికి తెలుసు'. పెద్దకొడుకుని ముఠా వాళ్లు చంపేస్తారు, చిన్నకొడుకు ముఠాలో ఆరుగురినీ ఒక్కొక్కణ్ణే వేసేస్తాడు. ఆరుగురికి నటులు నలుగురే దొరికారు గనక ఇద్దరు టోపీ మార్చుకుని రెండోసారి చావాలి. సామాను తెచ్చింది పెట్రా మేనమామ చేపల వ్యానులో, అందుకని ముఠా నాయకుడి తోలు కోటు దగ్గర కాడ్ చేప వాసన వచ్చేది. ముఠా స్థావరానికి ఒక తోటగది కావాలని ఆమె మడులన్నీ తిరిగి మేవిస్ దగ్గర ఆగింది.

"అద్దె ఎంత ఇమ్మంటారు?"

"రెండు బస్తాల గుర్రపు పేడ. పాతది, బాగా మాగింది. కొత్తది తెచ్చావంటే నీ వ్యానులోనే పోస్తాను బంగారం."

పెట్రా ఆ మొహాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. "మేవిస్ గారూ, మీరు సినిమాలో వేస్తారా? హీరో తల్లి. మీరు ఊరికే ఒకసారి చూస్తే చాలు, ఎవడైనా చేసిన తప్పు ఒప్పేసుకుంటాడు."

"రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను" అంది మేవిస్, కంచె అవతలికి చూస్తూ. "ఒప్పుకోడం లేదు."

ఆమె వేషం చిన్నది. ఐదో శవం తోటలో పడి ఉంటుంది, తల్లి వస్తుంది, శవాన్ని చూస్తుంది, "ఇక పడుకో" అంటుంది, పక్కన పడున్న కత్తి తీసుకుని వెళ్లిపోతుంది.

"మరి పోలీసుల దగ్గరికి వెళ్లరా వీళ్లు?" అని అడిగింది మేవిస్.

"వెళ్తే సినిమా పది నిమిషాల్లో అయిపోతుందండీ."

"అవదు బంగారం. లెక్క రాసుకుని వెళ్లిపోతారు, అంతే."

చిత్రీకరణ రోజు, పోటీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, ఐదో శవం రాలేదు. సండర్లాండ్‌లో అతనికి గిడ్డంగిలో అదనపు షిఫ్టు దొరికిందట. చావడం కన్నా అదే నయమనుకున్నాడు. అద్దె కెమెరా సాయంత్రం ఐదింటికల్లా తిరిగిచ్చేయాలి. పెట్రా వేలిగోరు మీదికి వంగింది, అక్కడ కొరకడానికి ఏమీ మిగల్లేదు.

"శవానికి మాటలున్నాయా?" అంది మేవిస్.

"శవానికి మాటలేంటండీ?"

"అయితే పక్కమడిలో ఒకాయన ఉన్నాడు. మొహం ఇప్పటికే సగం దారిలో ఉంటుంది. అడుగు."

ఇందులో మేవిస్ వేసిన పథకం అంటూ పెద్దగా ఏమీ లేదు. కత్‌బర్ట్ రెడ్‌పాత్ తన మడిలో, తన కాళ్ల దగ్గర, బురదలో వెల్లకిలా పడుండగా ఒక పూట చూడాలని ఆశపడింది, అంతే. రెండేళ్ల ఎదురుచూపుకి అది చిన్న కోరికే.

కత్‌బర్ట్ డెబ్బై మూడేళ్ల వాడు, ఎముకలు పెద్దవి, మాటలు తక్కువ. అడగగానే కాదంటాడనుకుంది. అతను గడ్డం గోక్కుని, "సినిమాలో నా పేరు వేస్తారా?" అన్నాడు.

"వేస్తామండీ. 'ఐదో శవం' అని, పక్కన మీ పేరు."

"నా లీకుల వైపు ఎవరూ రాకూడదు."

"ఎవరూ రారు" అని పెట్రా మాటిచ్చింది. పాపం, ఆమెకి తెలిసిన మేరకు అది నిజమే.

మధ్యాహ్నానికి క్లబ్బు మగవాళ్లంతా చిత్రీకరణకి అడ్డంగా కట్టిన తాడు అవతల చేరారు. చేతుల్లో పందిమాంసం పెట్టిన స్టాటీలనే గుండ్రటి మందపు రొట్టెలు, ఫ్లాస్కుల్లో టీ. కార్యదర్శి నార్మన్ మడత కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. కత్‌బర్ట్‌కి తెల్ల చొక్కా తొడిగి బంగాళాదుంపల సాలులో పడుకోబెట్టారు. ఉన్నది ఆ ఒక్క చొక్కాయే. నెత్తురంటే రెండు డబ్బాల చక్కెరపాకంలో ఎర్రరంగు, కాస్త కాఫీపొడి. అది ఒక్కసారికే సరిపోతుంది. అందుకని అంతా ఒకే దెబ్బలో, ఆపకుండా తీయాలి. కెమెరా నడపడానికి పట్టాలు లేవు గనక మేవిస్ పేడ మోసే పాత పిల్లల బండిలో కెమెరా మనిషిని కూర్చోబెట్టి పెట్రాయే తోస్తుంది.

"చూడండి కత్‌బర్ట్ గారూ, ఒక్కటే విషయం. ఏం జరిగినా కదలకూడదు. మీరు కదిలితే సినిమా పోయినట్టే."

"గనిలో ఒకసారి పదకొండు గంటలు కదలకుండా పడుకున్నానమ్మాయ్, పైన కప్పు కూలి" అన్నాడు కత్‌బర్ట్. "నువ్వు కానీ."

తాడు అవతల నుంచి నార్మన్ అరిచాడు: "కత్‌బర్ట్, నోరు ముయ్యి! చచ్చాక కూడా గొప్పలేనా?"

నెత్తురు పోశారు. సరిగ్గా అప్పుడే వాన వెలిసి ఎండ వచ్చింది. సెప్టెంబరు ఎండ, మీదికి చక్కెరపాకం. ఆ దేశంలో ఆ నెలలో కందిరీగలకి ఇంకేం పనుండదు. మొదట ఒకటొచ్చింది, చుట్టాల్ని పిలిచింది. కత్‌బర్ట్ ముక్కు మీద రెండు, గడ్డం మీద ఒకటి, చొక్కా మీద ఒక ఊరు. అతను కదల్లేదు. నార్మన్ కుక్క తాడు కిందనుంచి దూరి వచ్చి అతని చెవి ఆసాంతం నాకింది. కదల్లేదు. తాడు అవతల పందేలు మొదలయ్యాయి. "పుట్టుకతో శవం ఈయన" అని గొణిగింది పెట్రా, కళ్లు చెమర్చి. చెయ్యి ఊపింది.

మేవిస్ నడిచి వచ్చింది. సాలులో పడున్న మనిషిని పైనుంచి చూసింది. అబ్బ, ఆ చూపు కోసమే సినిమా తీశారనిపించింది అందరికీ.

"ఇక పడుకో" అంది.

ఇప్పుడు ఆమె వంగాలి, రబ్బరు కత్తి తీసుకోవాలి, వెళ్లిపోవాలి. వంగింది. రబ్బరు కత్తి వానకి తడిసి, గాలికి వాలిపోయిన అరటి ఆకులా వేలాడింది. మేవిస్ దాన్ని చూసింది. కత్‌బర్ట్ బూట్లని చూసింది. అవే బూట్లు. వెళ్లలేదు.

"పడుకో. హాయిగా పడుకో. నీకు నిద్ర పడుతోందా? నాకు రెండేళ్లయింది పట్టి. ఇంట్లో పిల్లల్లేరు నాకు, నీకు తెలుసు. ఉన్నవి ఆ మూడే. చలికి గుడ్డ కప్పాను, ఎండకి గొడుగు పట్టాను. నెడ్‌తో మాట్లాడని మాటలు వాటితో మాట్లాడాను. పొద్దున్నే వెళ్లేసరికి మెడలు తెగి పడున్నాయి. ఒక్కో వేటు. పోలీసు వచ్చి మూడు అని లెక్క రాసుకున్నాడు. నిన్ను అడిగాను. నీ బూట్లని అడిగినట్టయింది."

పెట్రాకి ఇందులో ఒక్క ముక్కా తను రాసినట్టు గుర్తులేదు. చంపబడ్డ కొడుకు ఒక్కడైతే ముగ్గురెందుకయ్యారో తెలియలేదు. కానీ ఆపడానికి మనసొప్పలేదు. బండి తోస్తూనే ఉంది. తాడు అవతల మాత్రం రొట్టెలు నమలడం ఆగిపోయింది.

మేవిస్ రబ్బరు కత్తిని బురదలో పడేసింది. కంచెకున్న చిన్న తలుపు తోసుకుని అవతలి మడిలోకి నడిచింది. ఎనిమిది అడుగులు. బండి కీచుమంటూ వెనకే వెళ్లింది. చెక్క చట్రం మీద కప్పిన గోనె పట్టా ఎత్తింది.

కింద మూడు లీకులు. ఆకులు నీలంగా, వెడల్పుగా, ఒక్క తుప్పుమచ్చ లేకుండా పరుచుకుని ఉన్నాయి. వాటి కింద కాడ పసిబిడ్డ తొడలా తెల్లగా నిగనిగలాడుతోంది. అంత మంచివి మేవిస్ ఎప్పుడూ చూడలేదు. కాదు, ఒకసారి చూసింది. ఎక్కడో గుర్తు చేసుకునేంత తీరిక లేదు. ఏప్రాను జేబులోంచి కత్తి తీసింది. ఇది రబ్బరుది కాదు.

కోసేసేదేనా? తర్వాత ఆమె ఈ ప్రశ్న తనని తాను చాలాసార్లు వేసుకుంది, అంట్లు తోముతూ, బస్సు కోసం నిలబడి. ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చేది. చెయ్యి మాత్రం పైకి లేచింది.

"మేవిస్!"

శవం లేచి కూర్చుంది. నెత్తిన మట్టి, మొహాన పాకం, గడ్డం మీద కందిరీగ. "మేవిస్, కత్తి కింద పెట్టవే! అది నీదే!"

"ఏది నాదే?"

"ఆ లీకు! నెడ్ వంశమే అది! ఉన్నది నా మడిలో, వేరు నీది!"

చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. కెమెరా మనిషి బండిలోంచి సగం పడబోయి, తమాయించుకుని, కెమెరాని మళ్లీ శవం వైపు తిప్పాడు. గొప్ప కెమెరా మనిషి.

"ముందునుంచి చెప్పు బంగారం" అంది మేవిస్. ఆ "బంగారం" విని తాడు అవతల ఇద్దరు ముగ్గురికి చిన్నప్పటి క్యాబేజీ గుర్తొచ్చింది.

"కోసింది నేనే. కోశాను, ఇంటికెళ్లాను, టీ పెట్టుకున్నాను. తాగకుండానే లేచాను. కోపం మనిషి మీదుంటే నెడ్ వాళ్ల తాత నాటి వంశాన్ని చంపడమేంటి, నేనేం మనిషిని అనిపించింది. వెనక్కొచ్చి మొదళ్లలో ఒకటి తవ్వుకుపోయాను. గోనెల వెనక దాచి బతికించాను. పై ఏడు పూసింది, పిలకలు పెట్టింది. అవే ఇవి."

"ఎందుకు కోశావు?"

"నీ మొగుణ్ణి అడుగు."

"చచ్చాడు కదయ్యా!"

"అదే కదా నా బాధ!" అని అరిచాడు కత్‌బర్ట్. కందిరీగ ఎగిరిపోయింది. "గని సమ్మె జరిగిన ఏడు నా లీకులు కోసింది నెడ్. నేను ఊరంతటినీ అనుమానించాను, మా బావమరిదితో మాటలు మానేశాను. పాతికేళ్ల పైన. చివరికి ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని 'అది నేనే కత్‌బర్ట్' అన్నాడు. నవ్వుతున్నాడు కూడా. ఒంటినిండా గొట్టాలున్న మనిషిని ఏమంటాను? పోనీలే అన్నాను. వారానికే పోయాడు. ఆ 'పోనీలే' ఉందే, ఏడాది పాటు నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. చచ్చినవాడి మీద నేనెలా తీర్చుకోను?"

దూరంగా ఎవరివో పావురాలు గూటి చుట్టూ గిరికీలు కొడుతున్నాయి.

మేవిస్‌కి గడియారం గుర్తొచ్చింది. సమ్మె ఏడు ఎండాకాలంలో నెడ్ ఆమె తల్లి గడియారాన్ని అమ్మేశాడు, ఇంట్లో తిండికి. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని తినేసినట్టుంది. ఆ ఏడు లీకుల పోటీలో మొదటి బహుమతి గంటలు కొట్టే గోడ గడియారం. నెడ్ దాన్ని చంకలో పెట్టుకుని వానలో నడుచుకుంటూ వచ్చి, మాటా పలుకూ లేకుండా అదే మేకుకి తగిలించాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె దానికి తాళం తిప్పుతోంది. గర్వంగా తిప్పుతోంది.

ఇప్పుడు నార్మన్ కుర్చీలోంచి లేచాడు. కార్యదర్శి అన్నాక లేవాలి. గొంతు సవరించుకున్నాడు.

"మేవిస్, నిబంధనల్లో తొమ్మిదోది నీకు తెలుసు. పరాయి లీకు కోసినవాడికి జీవితాంతం పోటీలో చోటు లేదు. గెలిచినవాడైతే బోర్డు మీద పేరు చెరిపేస్తాం. బతికున్నా, పోయినా. నువ్వు రాసిస్తే నేను తీసుకోవాలి." ఆయన మొహం చూస్తే ఆ కాగితం తీసుకోవడం కన్నా కందిరీగలతో పడుకోవడమే మేలనుకుంటున్నట్టుంది.

అందరూ ఆమెకేసి చూశారు. కత్‌బర్ట్ కూడా చూశాడు, ఈసారి కళ్లలోకి. ఆమె కోరింది జరిగింది. తన నోటితో, నలుగురిలో, నేనే అన్నాడు. కాగితం మీద రెండు ముక్కలు రాస్తే ఆ మనిషికి ఇక మడి మాత్రమే మిగులుతుంది. దాంతోపాటు క్లబ్బు గోడ మీద బంగారు అక్షరాల్లో ఉన్న నెడ్ హెస్లాప్ పేరు మీద ఎవడో తెల్లరంగు పూస్తాడు.

మేవిస్ కత్తి తుడిచి జేబులో వేసుకుంది.

"ఏం రాసియ్యాలి నార్మన్? సినిమా కదా. ఆయనకిచ్చిన మాటలు ఆయన చెప్పాడు."

"కానీ అవి నేను రాయలే—" అంది పెట్రా. మేవిస్ బూటు వెళ్లి ఆమె కాలి మీద దిగింది. "...నేనే రాశాను" అంది పెట్రా, కళ్లనీళ్లతో.

"బాగా రాశావమ్మా" అన్నాడు నార్మన్, అందరికన్నా గట్టిగా. కూర్చుని మిగతా రొట్టె తిన్నాడు. క్రాగ్‌హిల్‌లో ఆ పూట ఎవరూ ఏమీ వినలేదు. ఇప్పటికీ ఎవరిని అడిగినా వినలేదనే చెప్తారు, ఒక్క మాట పొల్లుపోకుండా.

మర్నాడు పొద్దున్న మేవిస్ గోడ గడియారం దించి, దుప్పటిలో చుట్టి, ఆ పేడబండిలోనే పెట్టుకుని కంచె దగ్గరికి తోసుకెళ్లింది.

"ఇది నీది. సమ్మె ఏడుది."

కత్‌బర్ట్ మొహం మీద ఏడు కందిరీగ కాట్లున్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో గడియారాన్ని చాలాసేపు చూశాడు. "నాకెందుకే ఇప్పుడు. మీ అమ్మ గడియారానికి బదులు కదా అది. నెడ్ అదీ చెప్పాడు."

"తీసుకో అంటున్నాను. నెడ్ పోనీలే అనిపించుకున్నాడు. నేను అనిపించుకోను."

అతను తీసుకున్నాడు. లోపలికి వెళ్లి ఒక మట్టి కుండీ తెచ్చాడు. అందులో పూగుత్తి మీద పిలకలు, పచ్చగా, గడ్డిపోచల్లా, వందకి పైనే. "నెడ్‌వి" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

పోటీలో ఆ మూడు లీకులూ 'రెడ్‌పాత్, హెస్లాప్' అని ఉమ్మడి పేరు మీద పెట్టారు. నిబంధనల్లో అలా కుదరదని ఎక్కడ రాసుందో చూపించమంది మేవిస్. రెండో బహుమతి వచ్చింది. మొదటిది పక్కూరి బస్సు డ్రైవరు కొట్టుకుపోయాడు, వేలెడు తేడాతో. కత్‌బర్ట్, మేవిస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వాడి మడికి కంచె ఎత్తుగా ఉంటుందా?" అని కత్‌బర్ట్ అడిగాడంటారు. "నోరు ముయ్యి బంగారం" అని మేవిస్ అందంటారు. లీకుల్ని ఎప్పటిలాగే మర్నాడు పులుసు కాచి క్లబ్బులో అందరూ తాగారు.

సినిమా ఏడాది తర్వాత తయారైంది. పెట్రా ఆ దృశ్యాన్ని ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. లండన్లో ఎవరో పెద్దమనిషి "చచ్చినవాడు లేచి, తనని చంపిన పగకే మూలం చెప్పడం అపూర్వమైన ఊహ" అని పత్రికలో రాశాడు. క్రాగ్‌హిల్ క్లబ్బులో తెర కట్టి వేసినప్పుడు జనం ఆ ఊహని చూసి కుర్చీల్లోంచి పడి నవ్వారు. చివర్లో 'ఐదో శవం: కత్‌బర్ట్ రెడ్‌పాత్' అని పడ్డప్పుడు అతను లేచి నిలబడ్డాడు, టోపీ తీశాడు.

గడియారం మాత్రం అతనింటికి చేరిన సరిగ్గా ఎనిమిదో రోజునే ఆగిపోయింది. దుప్పటంతా వెతికాడు, తిప్పే తాళంచెవి లేదు. అంత పాత గడియారానికి వేరే చెవి ఎక్కడా దొరకదు. ఆదివారం పొద్దున్న దాన్ని చంకలో పెట్టుకుని మేవిస్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఇది ఆగిపోయింది."

"అయ్యో, అలాగా" అంది మేవిస్. ఏప్రాను జేబులోంచి, ఇదివరకు కత్తి ఉండే జేబులోంచి, తాళంచెవి తీసింది. బల్ల మీద పెట్టించి, తొమ్మిది చుట్లు తిప్పింది. గడియారం కదిలింది. చెవి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

కత్‌బర్ట్ ఆ జేబుకేసి చూశాడు. "అది ఇవ్వవా?"

"ఎందుకు? వచ్చే ఆదివారం మళ్లీ తెచ్చుకో. పోయేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యి బంగారం, చలి."

ఇప్పటికి నాలుగేళ్లయింది. ప్రతి ఆదివారం పదింటికి క్రాగ్‌హిల్ వీధిలో ఒక ముసలాయన చంకలో గడియారంతో ఎత్తెక్కుతాడు, పదకొండింటికి దిగుతాడు. ఈమధ్య దిగడం పన్నెండు దాటుతోందని నార్మన్ అంటాడు. గడియారం అక్కడే ఉంది కాబట్టి వాళ్లు టైము చూసుకోవచ్చు గదా అంటే, వాళ్లిద్దరూ దాన్ని చూడ్డం మానేసి చాలా రోజులైందట.